కాళ్లు గుంటలో పెట్టి కోసిన దర్వాజ

మా తాత తుకారాంకు కోపం రాని రోజు ఉందంటే, ఆ రోజు ఆయనకు జ్వరం వచ్చిందని అర్థం. మా బాపమ్మ మంగవ్వ అట్లాగే కనిపెడుతుంది. పొద్దున చాయ్ నోట్లో పెట్టుకుని చక్కెర ఎక్కువైందని తిట్టకపోతే, లేచి వచ్చి నుదుటి మీద చెయ్యి వేసి చూస్తుంది.

తాత పుట్టింది ఏర్గట్లలో. కులం పని వడ్లపని. తొమ్మిదేళ్లప్పుడు వాళ్ల నాయన బడి మాన్పించి చేతికి బాడిసె ఇచ్చాడు. నాగండ్లు చేశాడు, ఎడ్ల బండ్లు చేశాడు. ట్రాక్టర్లు వచ్చి నాగండ్లను మూలకు తోశాక, పెర్కిట్‌కు వచ్చి ఇల్లు కట్టుకుని దర్వాజలు, కిటికీలు చేయడం మొదలుపెట్టాడు. ట్రాక్టర్ల మీద ఆ కోపం ఇంకా పోలేదు. పసుపు బస్తాల ట్రాలీలు మార్కెట్‌కు పోతూ మా ఇంటి ముందు ఆగితే, డ్రైవరు తెలిసినవాడైనా సరే, మొహం తిప్పుకుంటాడు.

ఆయన నిలబడి పని చేయడం నేనెప్పుడూ చూడలేదు. నేల మీద కూర్చుంటాడు, కట్టెను కుడి కాలి బొటనవేలితో తొక్కి పడతాడు, రంపం తన వైపుకు గుంజుతాడు. యాభై ఏళ్లకు పైగా అట్లా తొక్కీ తొక్కీ ఆ వేలు మిగతా వేళ్లతో పొత్తు విడిచిపోయింది. మధ్యలో ఇంకో వేలు పెట్టేంత సందు. ఏ చెప్పూ దానికి పట్టదు. ఆర్మూర్‌లో చెప్పుల దుకాణాలన్నింటిలో తాత ఆ వేలి కోసం కొట్లాడి వచ్చాడు. ఇప్పుడు ఆయన్ను చూడగానే వాళ్లు "సైజు లేదు" అంటారు.

రెండేళ్ల కింద ఆయన కుడి భుజం పట్టేసింది. నిజామాబాద్ దవాఖానలో డాక్టరమ్మ, "ఇంక రంపం గుంజద్దు, గుంజితే చెయ్యి లేవదు" అంది.

"నిన్ను సూది ముట్టద్దంటే ఊకుంటవా, బిడ్డా?" అని అడిగాడు తాత. బాపమ్మ ఆయన్ను బయటికి గుంజుకొచ్చింది.

ఇంటర్ మొదటి ఏడాదిలోనే రెండు సబ్జెక్టులు పోగొట్టుకుని ఇంట్లో కూర్చున్న మనవరాలిని నేను. నా పేరు భూమిక. తాత మాత్రం "ఫేలూ" అని పిలుస్తాడు.

ఇంత కోపిష్టి మనిషి ఒక్కసారి మాత్రం తిట్టకుండా ఊరుకున్నాడు. ఆ సంగతే చెప్పాలి.

నందిపేట్‌లో గంగాదాస్ వాళ్లది పసుపు పండించే కుటుంబం. వాళ్ల పాత ఇంటి దర్వాజ చేసింది మా తాత నాయన. గంగాదాస్ నాయన బతికుండగా పొలం గట్టు మీద ఒక టేకు చెట్టు పెట్టి, "నా కొడుకు ఇల్లు కట్టేనాడు దర్వాజ ఈ చెట్టుతోనే, తుకారాం చేతితోనే" అని చెప్పి పోయాడు. గంగాదాస్ ఇల్లు మొదలుపెట్టాడు. చెట్టు కొట్టించి, చెక్కలు చీల్పించి, నీడలో ఎండబెట్టి, తెచ్చి మా వాకిట్లో వేశాడు. ఆ చెక్కలు పాడైతే పెట్టడానికి ఇంకో చెట్టు లేదు.

వేసిన నెలకు అతనే ఖాళీ ట్రాలీ తీసుకుని మళ్లీ వచ్చాడు.

"కాకా, ఏమనుకోకు. కట్టె తీస్కపోతున్న."

"ఏడికి?"

"మిల్లుకు. మిషన్ మీద ఒక్క రోజుల అయిపోతదట. నీ భుజం బాగలేదు కద. దర్వాజ ఎత్తే ముహూర్తం ఇంక ఇరువై రోజులే ఉంది."

తాత లేచి, పోయి ఆ చెక్కల మీద కూర్చున్నాడు. "తీస్కపో. నన్ను గూడ కలిపి తీస్కపో. మిల్లుల నన్ను గూడ చీరిపియ్యి."

"గట్లంటవేంది కాకా?"

"మీ నాయన ఎవల చేతితోని అన్నడుర?"

గంగాదాస్ నేల చూస్తూ అన్నాడు. "చెయ్యి ఉన్నప్పుడు అన్నడు కాకా."

ఆ ఒక్కసారే తాత తిట్టలేదు. నాకు భయమేసింది. బాపమ్మ లోపలి నుంచి గబగబా వచ్చి గడపలో నిలబడింది. ఆయన నుదుటి మీద చెయ్యి వేస్తుందేమో అనుకున్నాను. వేయలేదు. ఆమెకూ అర్థమైంది, ఇది జ్వరం కాదని.

"ఇరువై రోజులన్నవు కద," అన్నాడు తాత చివరికి. "ఆ రోజు పొద్దుగాల దర్వాజ నీ ఇంటి ముంగట ఉంటది. అతుకుల వెంట్రుక దూరిందంటే తీసి పొయ్యిల పెట్టు. నడువు."

ట్రాలీ ఖాళీగానే పోయింది. అది మలుపు తిరిగాక తాత గొంతు లేచింది. ట్రాలీని తిట్టాడు, మిల్లును తిట్టాడు, డాక్టరమ్మను తిట్టాడు, టేకు చెట్టు అంత లావు ఎందుకు పెరిగిందని దాన్ని కూడా తిట్టాడు. పొద్దు గూకేదాకా ఆగలేదు. నాకు మాత్రం గంగాదాస్ మీదే కోపం. అతని చెప్పులు మా వాకిట్లో ఉన్నప్పుడే బావిలో పడేయాల్సిందని అనుకున్నాను.

మర్నాడు తాత ఆర్మూర్ పోయి కరెంటు రంపాలు రెండు తెచ్చాడు. పెద్దది గుండ్రటి పళ్ల చక్రం తిరిగేది. చిన్నది సన్నటి బ్లేడు కిందికీ మీదికీ ఆడుతూ వంకర్లు కోసేది. పెద్దదానికి రాకాసి అని, చిన్నదానికి దాని కోడలు అని పేరు పెట్టాడు. వాటితో పాటు మిషన్లు బాగుచేసే ముస్తకీమ్‌ను కూడా ఆటోలో ఎక్కించుకొచ్చాడు. పెద్ద రంపాన్ని మందపాటి బల్లకు కింది నుంచి తలకిందులుగా బిగించాలి. అప్పుడు చక్రం సగం బల్ల పైకి వస్తుంది. కట్టెను దాని మీదికి తోస్తే చాలు, భుజంతో పనిలేదు.

"బల్ల కాళ్లు జానెడు చాలు," అన్నాడు తాత.

ముస్తకీమ్ నవ్వాడు. "జానెడా? దాదా, గిది రొట్టెల పీట కాదు. నడుం దాకా ఉండాలె. నిలబడి కోయాలె."

"నిలబడి చేసేది బస్సుల కండక్టరు. నేను కూసోని కోసేటోన్ని."

"మిషనే పట్టదు దాదా జానెడుల!"

"గట్లయితే జానెడున్నర. ఇంక ఒక్క వేలు గూడ పెంచ."

ఎంత చెప్పినా వినలేదు. చివరికి జానెడున్నర బల్లే తయారైంది. చక్రం వెనకాల నిలబడే ఇనుప రెక్క ఒకటి ఉంది. కోసిన చెక్క మూసుకుపోయి చక్రాన్ని పట్టేయకుండా అది చూస్తుంది. ముస్తకీమ్ అటు పోగానే తాత "అడ్డం" అని దాన్ని పీకి పక్కన పడేశాడు.

గంగాదాస్ టేకు ముట్టుకోకుండా, ముందు ఒక వేప చెక్క పెట్టి చూశాడు. నేల మీద కూర్చున్నాడు. ఎప్పటిలాగే కాలు ఎత్తి బల్ల మీద పెట్టి, బొటనవేలితో చెక్కను తొక్కిపట్టాడు. మీట నొక్కమన్నాడు. నేను నొక్కాను.

రాకాసి అరిచింది. సగం కోసిందో లేదో చెక్క చక్రాన్ని పట్టేసి, ఒక్కసారిగా ఎగిరి తాత చెవి పక్క నుంచి దూసుకుపోయి, వెనకున్న నీళ్ల గోలేనికి తగిలింది. గోలెం పగిలి వాకిలంతా నీళ్లయ్యాయి. నేను మీట ఆపాను. తాత కదలకుండా తన కాలు చూసుకుంటున్నాడు. బొటనవేలి గోరు చివర లేదు. మంగలి తీసినట్టు నున్నగా పోయింది. రక్తం చుక్క లేదు. ఇంకో నూలుపోగంత ఇవతలికి వచ్చి ఉంటే వేలే ఉండేది కాదు.

నాకు నవ్వొచ్చింది. భయంతో వచ్చిన నవ్వు అది, ఆ వెంటనే ఏడుపు కూడా వచ్చింది. తాత రెండింటికీ తిట్టాడు.

ఆయన స్నానానికి పోగానే నేను రాకాసి వైరు చివర ప్లగ్గు ఊడదీసి బియ్యం డబ్బాలో పాతిపెట్టాను. రెండు రోజులు ఇల్లంతా వెతికాడు. "ఏయ్ ఫేలూ, నువ్వే తీసినవ్. ఇస్తవా, ఇయ్యవా?" అని నా వెంట పడ్డాడు. నేను ఇయ్యనన్నాను. ఇరవై రోజుల్లో నాలుగు పోయాయి. దాచిన మూడో రోజు బాపమ్మ బియ్యం తీస్తుంటే గిన్నెలో ప్లగ్గు పడింది. ఆమె దాన్ని పిడికిట్లో పట్టుకుని బయటికి వచ్చింది. అంత కోపం ఆమెలో ఉందని మాకెవరికీ తెలియదు.

"కాలు తీసి దాని నోట్ల పెడ్తవు! పోయిన గోలెం మా అవ్వగారింటోళ్లు పెట్టింది! నీ కాళ్లు రెండు గుంట తవ్వి పాతిపెట్టాలె. గప్పుడు గానీ నువ్వు సక్కగ కోయవు, ముసలోడా!"

తాత తిరిగి తిట్టడానికి నోరు తెరిచి, అట్లాగే ఆగిపోయాడు. బల్ల వైపు చూశాడు. నేల వైపు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు.

"గడ్డపార తేవే."

తవ్వింది నేను. తిట్టింది ఆయన. సాలెవాళ్ల మగ్గం గుంట లాగా, బల్ల ముందు మోకాలి లోతు గుంట. చక్రానికి ఎదురుగా కాకుండా జర ఎడమ పక్కకు జరిపి తవ్వించాడు, కట్టె ఎగిరినా ఛాతీకి రాకుండా. అంచు మీద గోనెసంచి పరిచి కూర్చుని కాళ్లు గుంటలోకి వదిలితే, బల్ల సరిగ్గా ఆయన పొట్ట దగ్గరికి వచ్చింది. కాలు పైకి లేపాలన్నా లేవదు.

నాకు ఊరుకోబుద్ధి కాలేదు. "తాతా, గిదంత ఎందుకు? బల్ల ఎత్తు పెంచి కుర్చీ ఏస్కుంటే గిట్లనే ఉంటుండె కద?"

"కుర్చీల కూసోని చేసేదాన్ని నౌకరి అంటరు. పని అనరు. తవ్విన మన్ను ఎత్తిపొయ్యి."

ముస్తకీమ్ వచ్చి గుంట చూసి తలకాయ గోక్కున్నాడు. తర్వాత పారేసిన ఇనుప రెక్కను వెతికి మళ్లీ బిగించాడు. "ఇది మల్ల పీకితే నేను ఇంక రాను దాదా," అన్నాడు.

"పీకను లే. ఇంకోటి చెప్పు. చేతులు రెండు కట్టె మీద ఉంటయి. కాలు ఉత్తగనే ఉంటది. యాభై ఏండ్లు కష్టం చేసిన కాలు. దాన్ని ఉత్తగ కూసోబెడ్తవా?"

ముస్తకీమ్ మర్నాడు ఒక పెడల్ తెచ్చాడు. బట్టలు కుట్టే మిషన్‌కు ఉంటుందే, అట్లాంటిది. గుంట అడుగున బిగించాడు. తొక్కి పట్టినంతసేపే రాకాసి తిరుగుతుంది, కాలు తీస్తే ఆగుతుంది. తాత దాని మీద కుడి బొటనవేలు పెట్టి నొక్కాడు. తీశాడు. మళ్లీ నొక్కాడు. మొహం మాత్రం ముడుచుకునే ఉంది. "ఆలస్యంగ లేస్తది ముండ," అన్నాడు. ఆయన నోట మెచ్చుకోలు అంతకంటే దగ్గరికి రాదు.

మిగిలిన పన్నెండు రోజులు మా వీధిలో ఎవరికీ మధ్యాహ్నం నిద్ర లేదు. మూడు రోజులు వేప కట్టె మీద చేయి సాపు చేసుకున్నాక టేకు ఎక్కించాడు. చెక్క మందం చక్రానికి ఒక్కసారిలో అందదు. ఒక దిక్కు సగం కోసి, తిప్పి రెండో దిక్కు సగం కోయాలి. అవతలి కొస నేను అందుకునేదాన్ని. వంకర చెక్కడాలు కోడలు రంపం చేసింది. అతుకు తొలిచే దగ్గర ఉలి ఆయన ఎడమ చేత్తో పట్టుకున్నాడు, సుత్తె నాకిచ్చాడు.

"జర మెల్లగ! గిది నీ పరీక్ష పేపరు కాదు, ఎట్లంటే అట్ల కొట్టనీకి!"

ఒక్కో దెబ్బకు ఒక్కో తిట్టు. మొత్తం ఎనిమిది అతుకులు. నా తిట్లు నేనే లెక్కపెట్టలేకపోయాను.

మాటిచ్చిన రోజు పొద్దున్నే దర్వాజ నందిపేట్ చేరింది. ట్రాలీలోనే పోయింది. తాత డ్రైవరు పక్కన మొహం తిప్పుకుని కూర్చున్నాడు. గడపకు పసుపు రాశారు, కుంకుమ పెట్టారు, నవధాన్యాలు పచ్చబట్టలో మూటకట్టి మీది పట్టెకు కట్టారు. గంగాదాస్ వంగి అతుకుల మీద వేలు పెట్టి చూస్తున్నాడు. వాళ్లమ్మ నీలవ్వ అది చూసింది.

"వేలుతోని ఏం తెలుస్తది? వెంట్రుక అన్నడు కద తుకారాం బావ. నీ నెత్తి మీద లెవ్వు. ఇగో, నాది తీస్కో," అని తన తెల్ల వెంట్రుక ఒకటి పీకి ఇచ్చింది.

అందరూ నవ్వారు. ఎనిమిది అతుకులకూ పెట్టి చూశాడు. ఎక్కడా దూరలేదు. అప్పుడు ఒప్పుకోవాలి కదా. ఒప్పుకునే తీరు చూడండి:

"మిషన్ మస్తు పనిమంతురాలు, కాకా!"

వడ్లాయనకు పెట్టే కొత్త ధోతి, తువ్వాల పళ్లెంలో ఉన్నాయి. తాత ఆ పళ్లెం వెనక్కి తోశాడు. "గట్లయితే ధోతి మిషన్‌కు కట్టు. బొట్టు గూడ పెట్టు. పెర్కిట్‌ల ఉన్నది, పో."

నేను కూడా లేచి నిలబడ్డాను. సుత్తె నా చేతిలో లేకపోవడం గంగాదాస్ అదృష్టం.

నీలవ్వ వచ్చి కొడుకు ముందు నిలబడింది. "మీ నాయన ఏమన్నడు? తుకారాం చేతితోని అన్నడు. గిప్పుడు చూసినవ్ కద ఎనిమిది అతుకులు. గిది ఎవల చెయ్యి? నోరు తెరిచి చెప్పు."

గంగాదాస్ మెల్లగా అన్నాడు. "కాక చెయ్యే."

"మరి ధోతి ఎవలు పెట్టాలె?"

అతను పళ్లెంలోంచి ధోతి తీసి తాత భుజం మీద వేశాడు.

"మెల్లగ, గాడిదా! గా భుజమేనా దొరికింది నీకు?" అని అరిచాడు తాత. కానీ తీసేయలేదు.

దర్వాజ నిలబెట్టాక, పోయేటప్పుడు గంగాదాస్ ఆటో దాకా వచ్చాడు. "కాకా, కిటికీలు గూడ నువ్వే చెయ్."

"మిల్లుకు పో," అని తాత ఆటో ఎక్కి కూర్చున్నాడు.

ఆటో ఊరు దాటింది. తాత ధోతి అంచు చూసి, రంగు బాగా లేదన్నాడు. మడత బాగా లేదన్నాడు. ఆర్మూర్ దగ్గరపడేసరికి తిట్టడానికి ఏమీ మిగల్లేదు. గుంటలో ఉన్నట్టే కాళ్లు కిందికి వదిలి, బొటనవేలితో ఆటో రేకును మెల్లగా నొక్కుతున్నాడు.

"వానికి కిటికీలు ఎన్నే?"

"ఆరు. మిల్లుకు పొమ్మన్నవు కద?"

"వాన్ని పొమ్మన్న. నిన్ను అడుగుతున్న, ఫేలూ. ఎంతెంత సైజు?"