ఎర్రగుడ్డ ముడి

మా దూది కొట్లో ఫ్యాను లేదు. ఎప్పుడూ లేదు. అనకాపల్లి ఎండల్లో, రేకు కప్పు కింద, ఫ్యాను లేకుండా ఎలా బతికావని విశాఖపట్నం కుర్రాళ్లు అడుగుతుంటారు. ఏకిన దూది పక్కన ఫ్యాను వేసి చూడండి, పరుపు పరుపంతా రోడ్డు మీదకు పోతుంది అంటాను. వేసవి మా సీజను. చెమటకు దూది అంటుకుని మధ్యాహ్నానికల్లా మా ఇంటిల్లిపాదికీ తెల్లమీసాలు వచ్చేవి. తలుపు సందులోంచి ఎండ లోపలికి పడేది. ఆ వెలుగులో దూది నలకలు ఏ తొందరా లేకుండా పైకీ కిందికీ తిరుగుతుండేవి. చిన్నప్పుడు వాటిని చూస్తూ చూస్తూ బస్తాల మీదే నిద్రపోయేవాణ్ణి. నా పాటల్లో సగం ఇప్పటికీ ఆ నిద్రలోంచే వస్తున్నాయనిపిస్తుంది.

నేను ర్యాప్ పాడతాను. నా తప్పులు, భయాలు, ఏడుపులు బీటు మీద చెప్పుకుంటాను. మా నాన్న దాన్ని పాట అని ఒప్పుకోడు. "పాడితే పాడు, నేపోతే ఊరుకో. ఈ గొణుగుడేటిరా?" అంటాడు. నిజానికి ఆ గొణుగుడు నాకు ఆయన దగ్గరే అబ్బింది. మిషన్ కొనకముందు ఆయన విల్లుతో దూది ఏకేవాడు. మనిషికంటే పొడుగుండే ఆ విల్లుని కప్పుకు వేలాడగట్టి, చెక్కతో నారిని కొడుతుంటే రెండు పొడుగు మోతలు, ఒక పొట్టి మోత వచ్చేవి. టుంయ్, టుంయ్, టక్. నాకు నడక వచ్చేసరికే ఆ లెక్క ఒంట్లోకి దిగిపోయింది. సెల్‌ఫోన్లు బాగుచేసే నా స్నేహితుడొకడు కంప్యూటర్లో బీట్లు కట్టేవాడు. మొదటి బీటు ఎలా ఉండాలి మామా అని వాడడిగితే నేను బల్ల మీద కొట్టి చూపించింది అదే.

మొదటి పాట నా మొదటి దొంగతనం గురించే.

"కాలేజీకని సెప్పి టేసన్లో కూకున్నాను,
మూడో నెంబరు పలాట్ఫారం మీద మూడేళ్లు పాసయ్యేను."

అది అబద్ధం కాదు. డిప్లొమాలో చేరిన మూడేళ్లూ టిఫిను డబ్బా పట్టుకుని స్టేషన్లో కూర్చుని, వచ్చే రైళ్లనీ పోయే రైళ్లనీ చూసి, సాయంత్రం ఇంటికి చేరేవాణ్ణి. ఆ సంగతి ఇంట్లో చెప్పే ధైర్యం లేక పాటలో చెప్పాను. పాట ఊళ్లోవాళ్ల ఫోన్లలోకి వెళ్లింది, అక్కణ్ణుంచి మా నాన్న చెవిలోకి వెళ్లింది. ఆయన మొత్తం విన్నాడు. "మూడేళ్లా?" అన్నాడు. తర్వాత, "రేపట్నుంచి పొద్దున్నే కొట్టుకొచ్చీ" అన్నాడు. అలా నిజం చెప్పినందుకు నాకు దూది ఏకే ఉద్యోగం వచ్చింది.

కాని ఆ కొట్టు నాకు స్టూడియో అయింది. మధ్యాహ్నం నాన్న నమాజుకీ భోజనానికీ వెళ్లి మిషన్ ఆగినప్పుడు, వెనకగదిలో బూరుగుదూది బస్తాల మధ్య ఫోను వేలాడదీసి పాడేవాణ్ణి. చుట్టూ దూది. గొంతు ఎక్కడికీ పోయి తగలదు. మైకులో కాదు, చెవిలో చెబుతున్నట్టుంటుందని విన్నవాళ్లు అనేవారు. సొంత అన్నయ్య పక్కన పడుకుని చెబుతున్నట్టుందని ఒకమ్మాయి రాసింది. అమ్మాయిలు అన్నయ్య అనడం పెద్ద సంతోషించాల్సిన సంగతి కాకపోయినా, నేను సంతోషించాను. ఒకదాని తర్వాత ఒకటి, నేను చేసిన వెధవ పనులన్నీ ఆ బస్తాలకు చెప్పేశాను. స్నేహితుడికి ఉద్యోగం వస్తే నాకు జ్వరం రావడం, చీకటంటే ఇంకా భయపడడం, అన్నీ.

చివరికి ఒక వేసవిలో నా దగ్గర తప్పులు అయిపోయాయి. కొత్తవి చేద్దామంటే కొట్లో తీరిక లేదు. "మామా, ఇంకేటైనా ఏడుపుంటే తీ. జనం అడుగుతన్నారు" అని బీట్లు కట్టేవాడు రోజూ తొందరపెట్టేవాడు.

ఇక్కడ మా పనిలో ఉన్న కట్టడి ఒకటి చెప్పాలి. పాత పరుపు విప్పితే దూది ఒక్కటే రాదు. జడపిన్నులు, దిద్దుల శీలలు, చెల్లని పైసలు, మడతపెట్టిన ఉత్తరాలు వస్తాయి. ఒకసారి పెట్టుడు పన్ను వచ్చింది. జారిపోయింది ఏదో, దాచుకున్నది ఏదో చెయ్యి పడగానే తెలిసిపోతుందంటాడు నాన్న. జారినవాటిని ఒక డబ్బాలో వేసి తిరిగి ఇస్తాం. దాచుకున్నవాటిని మాత్రం చూడం. మొహం పక్కకు తిప్పుకుని, ఎర్రగుడ్డ ముక్కలో మూటగట్టి, దూది ఏకేదాకా కిటికీ గట్టు మీద ఎండలో పెడతాం. మళ్లీ తలవైపు దూదిలో పెట్టి కుట్టేస్తాం. ఇచ్చేటప్పుడు మేం చెప్పం, వాళ్లూ అడగరు. "మనం దూది సూడాల. దూదిలో ఉన్నది సూడకూడదు" అని నా చేతికి కుట్లు తెంపే బ్లేడు ఇచ్చిన మొదటిరోజే నాన్న చెప్పాడు. ఆయన వేసే ముడి కూడా ఆయనకే వచ్చు. మూడు మెలికలు తిప్పి, కొసను లోపలికి దోపేస్తాడు. ఒకసారి విప్పితే ఇంకెవరికీ అలా పడదు.

తుమ్మపాల నుంచి ఒకావిడ వచ్చేది. చెరుకు పండించే రైతు భార్య. అందరూ మూడేళ్లకో నాలుగేళ్లకో పరుపు ఏకించుకుంటారు. ఆవిడ మాత్రం ఏటా, నూకాలమ్మ జాతర వెళ్లగానే ఆటోలో పరుపు వేసుకుని దిగేది. మా అమ్మకని ముంజలు తెచ్చేది. పరుపు దింపించి, "ఉంటాను సాయిబూ, సాయంత్రం వత్తాను" అని బజారుకు వెళ్లిపోయేది. ఏడాదిలో దూది ఏం నలుగుతుంది? ఆవిడ తెచ్చేది దూది కోసం కాదని నాన్నకు తెలుసు. ఆ పరుపులో ఎర్రగుడ్డ ముడి ఒకటుంది. ఇంట్లో పదిమంది మధ్య దాన్ని బయటికి తీసి ఎండబెట్టుకునే వీలు ఆవిడకు లేదు. ఏడాదికి ఒక్కపూట మా కిటికీ గట్టు మీద దానికి ఎండ తగిలేది.

ఆ వేసవిలో ఒక శుక్రవారం నాన్న నమాజుకు వెళ్లినప్పుడు నేను ఆ ముడి విప్పాను.

అందులో ఏముందో ఇక్కడ రాయను. ఒకసారి చెప్పిందే ఎక్కువైంది. చూసిన రెండు నిమిషాల్లో మళ్లీ కట్టాను, నాకు వచ్చిన ముడి వేశాను, దూదిలో పెట్టి కుట్టేశాను. ఆ రోజు మధ్యాహ్నమే బస్తాల మధ్య కూర్చుని పాట రాశాను. రాయడం కూడా కాదు, అదే వచ్చింది. ఆవిడ దాచుకున్నదాన్ని మా అమ్మ దాచుకున్నట్టు, అది నా పరుపులో నాకే దొరికినట్టు పాడాను. పాడుతుంటే నిజంగానే ఏడుపొచ్చింది. ఆ ఏడుపు దొంగది కాదు. మిగిలిందంతా దొంగదే.

ఆ పాట ఎక్కడెక్కడికో వెళ్లిపోయింది. విశాఖపట్నంలో ఒక కాలేజీ మైదానంలో పాడించారు. నేను మొదలుపెట్టేలోపే పిల్లలు ఫోన్ల లైట్లు వెలిగించి పాడడం మొదలుపెట్టారు. గ్రౌండంతా లైట్లు మెల్లగా అటూ ఇటూ ఊగుతుంటే, మా కొట్లో ఎండలో తిరిగే నలకలే అన్నీ ఇక్కడికొచ్చాయనుకున్నాను. కాళ్లు నేల మీద ఉన్నాయో లేదో తెలియలేదు. సిగ్గు వేసిందని రాస్తే బాగుంటుంది గాని, ఆ రోజు నాకు సిగ్గు వెయ్యలేదు. గర్వమే వేసింది.

సిగ్గు మా ఇంట్లో వేసింది. పాట విని మా వీధి ఆడవాళ్లు ఒక సాయంత్రం అమ్మను ఓదార్చడానికి వచ్చారు. "ఓలమ్మ, ఇంత దుక్కం కడుపులో ఎట్టుకుని, ఇన్నాళ్లూ మాకొక్క ముక్కైనా సెప్పనేదు" అని చేతులు పట్టుకున్నారు. అమ్మకు ముందూ వెనకా తెలియదు. అందరికీ టీలు ఇచ్చి పంపేసి, నా వైపు తిరిగింది. "నాకెప్పుడైందిరా ఇది? అయితే నాకు తెలీదేటి?" అని అడిగింది. నాన్న రాగానే ఆయనకు చెప్పి పడీపడీ నవ్వింది. నాన్న నవ్వలేదు. నన్ను చూసి, "ముడి నువ్వే ఇప్పేవా?" అన్నాడు.

అప్పటిదాకా బీటు ఇస్తే చాలు ఏ నిజమైనా చెప్పేసేవాణ్ణి. ఆ ఒక్క ప్రశ్నకు అవునన్న మాట నోట్లోంచి రాలేదు. తలూపాను. ఆయన కొట్టలేదు, తిట్టలేదు. మర్నాడు పొద్దున్న నా చేతిలోంచి బ్లేడు తీసుకుని దబ్బనం పెట్టాడు. "పరుపులు నాను ఇప్పుతాను. నువ్వు కుట్టు, సాలు" అన్నాడు.

తర్వాతి ఏడాది జాతర అయింది. ఆవిడ రాలేదు. కొట్టు ముందు ఏ ఆటో ఆగినా నాన్న తల ఎత్తి చూసేవాడు. మే నెల కూడా సగం అయిపోయింది. రోజూ పొద్దున్న ఆయన కిటికీ గట్టు తుడవడం చూడలేక, ఒకరోజు నేనే తుమ్మపాల వెళ్లాను.

ఆవిడ అరుగు మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. వాళ్లాయన దూరంగా పశువులకు గడ్డి వేస్తున్నాడు. "కూకో బాబూ" అని మజ్జిగ తెచ్చి ఇచ్చింది. నేను మొదలుపెట్టలేక గ్లాసు పట్టుకుని కూర్చుంటే ఆవిడే గొంతు తగ్గించి మాట్లాడింది.

"మొదటే తెలిసింది బాబూ. ఇంటికెళ్లి తడిమి సూసేను, అది మీ నాన్న ముడి కాదు. కుర్రోడు, పోన్లే అనుకున్నాను. ఆనక పాటొచ్చింది."

"తప్పు చేశానమ్మా" అన్నాను.

"మా ఆయన ఫోన్లో ఎట్టుకుని ఇన్నారు. కళ్లు తుడుసుకుని, పాపం, ఎవరి తల్లో, అన్నారు. నాను పక్కనే ఉన్నాను." గింజ తీసి పళ్లెంలో వేసింది. "ఆయనకి తెలీదు. ఈ బూమ్మీద ఎవులికీ తెలీదు. మీ నాన్నకీ తెలీదు, ఆయన ఇప్పి సూసే మనిసి కాదు."

"పాట తీసేస్తానమ్మా."

"తీత్తే? ఇన్నోల్ల సెవుల్లోంచి తీగలవేటి?"

మజ్జిగ తాగకుండా వచ్చేస్తుంటే పిలిచి, తాగి వెళ్లమంది. తాగాను. ఏడుస్తూ మజ్జిగ తాగడం ఎంత కష్టమో ఆరోజే తెలిసింది.

ఆ వారమే పాట తీసేశాను. బీట్లు కట్టేవాడు నాతో కొన్నాళ్లు మాట్లాడలేదు. "అన్నం ఎట్టే పాటని సంపుకుంటావేటి మామా, పిచ్చెక్కిందేటి?" అన్నాడు. కారణం వాడికీ చెప్పలేదు. చెబితే ఇంకో ముడి విప్పినట్టే. తర్వాత ఒక స్టేజీ మీద పిల్లలు ఆ పాట కోసం అరుస్తుంటే, "అది నాది కాదు. దొంగిలించాను" అని మాత్రం చెప్పాను. ఇన్నాళ్లూ మోసం చేశావా అని కొందరు వెళ్లిపోయారు. ఉన్నవాళ్లకు మూడో నెంబరు ప్లాట్‌ఫారం పాడాను. అది పాతబడిపోయిందని నాకూ తెలుసు, కాని అది నాది.

ఆ తర్వాతి వేసవి జాతర వెళ్లగానే ఆటో వచ్చి ఆగింది. నాన్న లేచి నిలబడ్డాడు. ఆవిడ పరుపు దింపించింది. బజారుకు వెళ్లలేదు. స్టూలు అడిగి గుమ్మంలో వేసుకుని కూర్చుంది. నాన్న పరుపు విప్పి, ముడి తీసి, అలవాటుగా కిటికీ వైపు నడవబోతే ఆవిడ చెయ్యి చాపింది. ఆయన ఇచ్చేశాడు. సాయంత్రం దాకా ఆవిడ దాన్ని గుప్పిట్లో పట్టుకుని, మా చేతుల్నే చూస్తూ కూర్చుంది. నలభై ఏళ్లుగా నాన్న కొట్లో ఎవరూ అలా కాపలా కూర్చోలేదు. ఆయన ఆ రోజు ఒక్కసారి కూడా తల ఎత్తలేదు. చివర్న ఆవిడ ఇచ్చినదాన్ని విప్పకుండానే, పైన ఇంకో ఎర్రగుడ్డ చుట్టి, తన ముడి వేసి దూదిలో పెట్టాడు. ఆ పై ఏడాదీ అంతే. అదే స్టూలు, అదే గుప్పిట. ముంజలు మాత్రం రెండేళ్లూ తెచ్చింది.

ఈ ఏడు నాన్న చేతులు వణుకుతున్నాయి. సీజను మొదట్లోనే బ్లేడు నా ముందు పెట్టాడు. తుమ్మపాల ఆటో వచ్చినరోజు నేను లేచి స్టూలు తెచ్చి గుమ్మంలో వేశాను. ఆవిడ స్టూలు చూసింది, నన్ను చూసింది, బ్లేడు నా చేతిలో ఉండడం చూసింది. చాలాసేపు నిలబడింది. రోడ్డు మీద బెల్లం దిమ్మల లారీ ఒకటి వెళ్లిపోయింది.

"బజార్లో పనుంది సాయిబూ" అంది నాన్నతో. "సాయంత్రం వత్తాను."

నాన్న తల ఎత్తాడు. ఆవిడ వీధి మలుపు తిరిగేదాకా చూసి, తుండుతో మొహం తుడుచుకున్నాడు.

నేను కుట్లు తెంపి, తలవైపు దూదిలో చెయ్యి పెట్టాను. ముడి తగిలింది. నాన్న ముడి. మొహం పక్కకు తిప్పుకుని బయటికి తీసి, కిటికీ గట్టు మీద పెట్టాను. సాయంత్రం దాకా దానికి ఎండ తగిలింది.