విప్పి చూసిన టై

రెండో ప్రపంచ యుద్ధం రాకముందు మా బెంగళూరు కాలేజీకీ ప్రాగ్ నగరంలోని ఒక విశ్వవిద్యాలయానికీ ఒక ఒప్పందం ఉండేది. అక్కడి విద్యార్థి ఒకడు ఏడాదిపాటు ఇక్కడ చదవాలి, ఇక్కడివాడు ఒకడు అక్కడ చదవాలి. ఆ ఏడు ఇక్కడినుంచి నన్ను ఎంపిక చేశారు. అక్కడి అబ్బాయి ముందే వచ్చి మా తరగతిలో చేరాడు. వేసవి తరువాత నేను వెళ్లి, వాళ్లమ్మ ఇంట్లోనే ఉండి చదువుకోవాలి.

మిగిలిందల్లా మా నాయన ఒప్పుకోవడం. ధర్మవరంలో మాది పట్టుచీరెలు నేసే ఇల్లు. విషయం చెబితే ఆయన మగ్గం మీదనుంచి తల ఎత్తకుండానే అన్నాడు.

"సెలవులకు ఆ పిల్లోన్ని మనింటికి పిల్చుకొని రా. ఆయప్ప ఈడ ఉండగలిగితే నువ్వు ఆడ ఉండగలవు. మధ్యలో లేసిపోతే నువ్వూ ఈడనే."

అలా మేమిద్దరం రైలెక్కాం. ఎర్రగా పొడుగ్గా ఉండే ఆ అబ్బాయి అంత ఎండలోనూ మెడకు నీలిరంగు పట్టు టై కట్టుకున్నాడు. హిందూపురంలో ఎక్కిన ఒక బెల్లం వ్యాపారి అతణ్ణి తీరిగ్గా పైనుంచి కిందిదాకా చూసి నన్ను అడిగాడు.

"ఏమప్పా, ఈయప్ప దొరనా?"

"కాదన్నా, సదువుకునే పిల్లోడు."

"సదువుకునేకి ఈడికొచ్చినాడా? వాళ్లూర్లో బళ్లు లేవా?"

నేనూ వాళ్ల ఊరికి చదువుకోవడానికే వెళుతున్నానని చెప్పాను. ఆయన పెనుకొండ వచ్చేదాకా ఆలోచించి, "అట్లయితే ఎవరి బళ్లో వాళ్లే కూసుంటే సరిపోయేది గదా" అన్నాడు. తరువాత పత్రికలో పనిచేసిన ఏళ్లలో ఎందరినో ప్రశ్నలడిగాను. అంత సూటి ప్రశ్న నాకెప్పుడూ తట్టలేదు.

ఇంట్లో ప్రశ్నల పని మా అవ్వ తీసుకుంది. సాయంత్రాలు వసారాలో కూర్చుని అతను వాళ్ల ఊరి సంగతులు ఇంగ్లీషులో చెప్పేవాడు, నేను తెలుగులో చెప్పేవాణ్ణి. ఊరి నడుమ నది, దాని మీద వందల ఏళ్లనాటి రాతి వంతెన, వంతెనకు రెండు వైపులా సాధువుల విగ్రహాలు.

"దేవుళ్లను తెచ్చి వంతెన మీద నిలబెట్టినారా? వానకు తడవరా?" అంది అవ్వ.

తడుస్తారనే అతను ఒప్పుకున్నాడు. గంట కొట్టినప్పుడల్లా బొమ్మలు కిటికీలోంచి తొంగిచూసే పాత గడియారం గురించి చెబితే, మగ్గం గుంటలోంచి నాయన గొంతు వినిపించింది. "దానికి కీ ఎవరిస్తారో అడుగు." అది మాత్రం అతనికి తెలియదు. తెలియని సంగతులను రాసుకుని తల్లికి జాబులో అడుగుతానన్నాడు. రాగిసంగటి మొదట నమిలి అవస్థ పడ్డాడు, తరువాత మింగడం నేర్చుకున్నాడు. మొదటి వారం గడిచేసరికి నాకు ధైర్యం వచ్చింది.

ఒక రోజు పొద్దున్నే రైల్లో అతణ్ణి పెనుకొండ తీసుకెళ్లాను. కొండెక్కాలి కనుక అతను టై ఇంట్లోనే వదిలి వచ్చాడు. కొండెక్కి కోట చూశాం. కూలిన గోడల మధ్య మేకలు మేస్తుంటే అతను ప్రతి రాతినీ తడిమి చూశాడు. వాళ్ల ఊళ్లో పాత గోడలన్నిటిలో మనుషులు కాపురముంటారనీ, ఇక్కడ ఎందుకుండరనీ అడిగాడు. పాత ఇళ్లలో కాపురం ఎలా ఉంటుందో చూడాలని నాకు అప్పుడే గట్టిగా అనిపించింది.

సాయంత్రం ఇల్లు చేరేసరికి వసారాలో నాయన, పక్కింటి ఇద్దరు నేతగాళ్లు గుండ్రంగా కూర్చుని ఉన్నారు. జుట్టు కాలిన వాసన వస్తోంది. పట్టుపోగును వెలిగించి చూస్తే వచ్చే వాసన అది. వాళ్ల మధ్య నీలి టై కుట్లన్నీ విప్పి పరిచి ఉంది.

"చూసినావా," అన్నాడు పక్కింటాయన నాతో. "పైన పట్టు, లోపల కంబళి. గుడ్డను నేరుగా కాకుండా మూలకు కోసినారు. ఎంత పట్టు దండగో."

అతను వంగి ఆ గుడ్డ ముక్కలను ఏరుకుని లోపలికి వెళ్లాడు. నేను వెంట వెళితే, అది తను పరీక్ష పాసైనప్పుడు అమ్మ ఇచ్చిన టై అని చెప్పి, బెంగళూరు బండి ఎన్నింటికని అడిగాడు. నా ప్రయాణం అక్కడితో ఆగిపోయిందనుకున్నాను.

నాయన గడప దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "చెడగొట్టాలని కాదని చెప్పురా. మనింటికి గుడ్డ వస్తే ఇప్పి చూసేది మర్యాద. చూడకుండా వదిలేస్తే ఆ గుడ్డను తీసిపారేసినట్ల. మళ్లా కుట్టిస్తాను."

నేను చెప్పాను. అతను నమ్మినట్టు లేడు. ఇంతకు ముందు ఇంకెవరి బట్టలైనా ఇలా చూశారా అని అడిగాడు. దానికి అవ్వ జవాబిచ్చింది.

"చూడకేమి? నా కోడలు కాపురానికొచ్చిన దినమే దాని కొంగులో పోగు లాగి కాల్చినాడు వీడు. ఆ పిల్ల ఏడ్సి ఏడ్సి అన్నం తినల్యా."

వంటింట్లోంచి మా అమ్మ, "ఇంగా ఆ రంధ్రం ఉండాది" అంది.

ఇదంతా ఇంగ్లీషులో చెప్పేసరికి నాకే నవ్వు ఆగలేదు. అతను నాయన వైపు చూశాడు. తరువాత పెట్టె తెరిచాడు. సర్దుకోవడానికే అనుకున్నాను. అడుగునుంచి ఒక ఉన్ని మఫ్లరు తీసి, నాయన చేతిలో పెట్టి, ఇది కూడా చూడమని చెప్పమన్నాడు.

నాయన దాన్ని దీపం దగ్గరికి తీసుకెళ్లాడు. తిప్పి చూశాడు, సాగదీసి చూశాడు. పక్కింటివాళ్లు కూడా వంగారు.

"పడుగు యాడ? పేక యాడ?" అన్నాడు నాయన. "అంతా ఒకే పోగు."

మగ్గం లేదనీ, వాళ్లమ్మ రెండు పుల్లలతో ఒళ్లో పెట్టుకుని అల్లిందనీ అతను చేతులతో చూపించాడు. బనీను లాంటివి మిల్లులో మిషను చేస్తుందని వాళ్లకు తెలుసు. ఒక మనిషి కూర్చుని చేస్తుందంటే ముగ్గురూ నమ్మలేదు. చివర ఒక పోగు వదులుగా కనబడింది. నాయన దాన్ని వేళ్లతో పట్టుకుని, లాగకుండా వదిలేశాడు.

"ఆయమ్మ ఇది చేసేది, నువ్వు దగ్గర కూసోని చూడొచ్చునా?" అని నన్నడిగాడు.

"చూడొచ్చు నాయనా. నేనుండేది ఆయమ్మ ఇంట్లోనే."

"అట్లయితే పోయి చూసి రా," అన్నాడు. మఫ్లరు మాత్రం ఇంకా దీపం దగ్గరే పట్టుకుని ఉన్నాడు.