అప్ప వామనగుంటల పీట

మా అప్ప వామనగుంటల పీటను విమానాల కంపెనీ పోగొట్టింది. వెతికి ఇవ్వకుండానే దివాలా తీసింది.

ఈ పొద్దున్న మా ఊరి తార్‌బహార్ పేటలో ఒక దుకాణం ముందు తడిసిన గోనెసంచులు ఆరబెడుతుంటే, ఆ వాసనకు కాళ్ళు ఆగిపోయాయి. మా నాన్న బిలాస్‌పూర్ స్టేషన్లో పార్సెల్ గుమస్తా. వేసవిలో మామిడి గంపలు, వానల్లో చెమ్మెక్కిన బట్టల బేళ్ళు, చలికాలంలో బెల్లం దిమ్మలు, ఏడాది పొడుగునా వాటన్నిటి మీద నల్ల సిరా ఘాటు, ఇదీ మా చిన్నతనం. ప్రతి పార్సెల్‌నీ గోనెగుడ్డతో కుట్టి, పైన కుంచెతో పేరూ ఊరూ రాసేవారు. అయిదో తరగతితో బడి మానేసిన నాకు మూడు భాషల అక్షరాలు పట్టుబడింది ఆ గుడ్డల మీదే. చీటీ ఊడిపోయిన సామాను వస్తే నాన్న కళ్ళద్దాలు పంచె చెంగుతో తుడుచుకుని, గుడ్డను వెలుతురుకు తిప్పి, చెరిగిన పేరును కూడబలుక్కుని, ఆ ఊరికి కార్డు రాసేవాడు.

"పేరున్న సామాను పోదురా. సదివినోడు లేకపోతేనే పోతాది," అనేవాడు.

అది నమ్మాను. అదే నేను చేసిన తప్పు.

ఆ పీటను నాన్న, రైలుపెట్టెలు బాగుచేసే షెడ్డులోని వడ్రంగి చేత, పాత టేకు చెక్కతో చేయించాడు. ఒక్కో వైపు ఏడు గుంటలు, మధ్యలో ఇత్తడి బందు, మడిస్తే పుస్తకమంత. అప్ప, అంటే మా అక్క, నాకంటే ఆరేళ్ళు పెద్దది. వాన కురిసే మధ్యాహ్నాలు క్వార్టరు వరండాలో గుంటకు నాలుగేసి చింతపిక్కలు పోసి కూర్చునేవాళ్ళం. ఓడినవాళ్ళు తమ వాటా తినుబండారం ఇచ్చేయాలి. తీజా పండక్కి పక్క క్వార్టరు ఛత్తీస్‌గఢీ వాళ్ళు పంపే శనగపిండి ఠేఠ్రీ, బెల్లం పాకపు ఖుర్మీ నా నోటిదాకా వచ్చింది తక్కువే. అప్ప కిందికి చూడకుండానే గుంటలో వేలు పెట్టి ఎన్ని పిక్కలున్నాయో చెప్పేసేది. నేను తలవంచి లెక్కపెడుతుంటే, "నీకు కళ్ళున్నాయి గానీ సేతుల్లేవురా," అని వెక్కిరించేది.

మా పిల్లలు బడికెళ్ళే రోజుల్లో పార్సెల్ ఆఫీసు గోడకు ఆ విమానాల కంపెనీ కేలెండరు ఉండేది. మా ఊళ్ళో వాళ్ళ విమానం దిగేది కాదు, అయినా దేశంలో ఆకాశమంతా వాళ్ళదే అన్నట్టు నెలకో ఊరి మీద ఎగురుతూ కనిపించేది. నెల అయిపోగానే ఆ కాగితం చింపి పిల్లల పుస్తకాలకు అట్ట వేసేవాళ్ళం.

అప్ప ఇప్పుడు ఢిల్లీలో కూతురి దగ్గర ఉంటోంది. చక్కెర జబ్బుతో చూపు పోయింది. "ఆ పీటుంటే సేతులకైనా పొద్దుపోయేది," అంది ఫోన్లో. చెక్కపెట్టెలో పీటను సర్ది, గోనెగుడ్డ చుట్టి కుట్టి, నా పేరూ చిరునామా నాలుగు వైపులా రాసి, రాయ్‌పూర్ వెళ్ళి విమానం ఎక్కాను. కౌంటరులోని అమ్మాయి కాగితం చీటీ అంటించి, ఇది చాలంది. ఢిల్లీలో పెట్టె రాలేదు. చీటీ ఊడిపోయి ఉంటుందట, చీటీ నంబరు కనబడకపోతే వెతకలేరట. నాలుగు వైపులా పేరుందయ్యా అంటే, కంప్యూటర్లో పేరు కొట్టే చోటు లేదన్నారు.

మొదటిసారి అడగడానికి వెళ్ళినప్పుడు రాయ్‌పూర్ కౌంటర్లో అయిదుగురున్నారు, కూర్చోబెట్టి టీ ఇచ్చారు. రెండోసారికి సాయంత్రం విమానం ఎత్తేశారు, టీ లేదు. మూడోసారి ఒక్క కుర్రాడే ఉన్నాడు, మా ఊళ్ళో తోర్వా పేట తెలుగువాడే. వాడి మీద అరిచాను. వాడు తల ఎత్తలేదు.

"తాతగారూ, మాకే ఆరు నెలలుగా సాలరీ లేదు. మీ పెట్టె గురించి నేనెవర్ని అడగాల? ఆప్ హీ బతాయియే, మీరే చెప్పండి."

అచ్ఛా, అని వచ్చేశాను. నాలుగోసారికి కౌంటరే లేదు. బోర్డు పీకిన చోట జిగురు మరకలున్నాయి. టైర్లు కుంగి, కిటికీలకు అట్టలు అంటించి ఎండలో నిలబెట్టిన ఆ కంపెనీ విమానాల ఫొటో తర్వాత పేపర్లో చూశాను. ఏమీ అనిపించలేదు.

కంపెనీ ఆస్తులు అమ్మడానికి కోర్టు ఒక అధికారిని పెట్టిందని తెలిసి, ఆయనకు పదకొండు ఉత్తరాలు రాశాను. డబ్బు అడగలేదు. పీట ఎక్కడుందో చెప్పమన్నాను. ఆదివారం ఫోను చేస్తే అప్ప, "ఏట్రా, ఏటన్నారు?" అనేది. ఈ మధ్య అడగడం మానేసింది. దుప్పటి మీద వేళ్ళతో పిక్కలు పంచుతున్నట్టు కదుపుతోందని మేనకోడలు చెప్పింది.

స్టేషన్లో ఇప్పుడు గోనెగుడ్డ లేదు, కుంచె లేదు. ప్లాస్టిక్ చుట్టిన డబ్బాలు, వాటి మీద మనిషి చదవలేని నల్లగీతల చీటీలు. పేరు చదివి కార్డు రాసే ఉద్యోగం ఎప్పుడు తీసేశారో అక్కడ ఎవరికీ తెలియదు.

పోయిన వారం అధికారి నుంచి జవాబు వచ్చింది. ఇంగ్లీషులో ఉంది. తెలుగులో ఇంతే:

"మీ ఉత్తరాలు అందాయి. చీటీ లేని సామాను మొత్తాన్ని కోర్టు అనుమతితో, తూకం మీద, ఒకే లాటుగా అమ్మేశాము. పెట్టెలు విప్పి చూడలేదు."