తొమ్మిది గంటల సంబంధం

మొన్న భోపాల్ నుంచి ఇంటికి వస్తూ బొంబాయి ఎయిర్‌పోర్టులో తొమ్మిది గంటలు పడి ఉండాల్సి వచ్చింది. హాయిగా రైలెక్కి పడుకుంటే సికింద్రాబాద్ స్టేషన్లో దిగి, ఆటోవాడితో నాలుగు మాటలనుకుని సైనిక్‌పురి చేరేవాణ్ణి. కానీ నన్ను పని మీద పంపిన ఆఫీసువాళ్ళకి నా మీద ప్రేమ ఎక్కువై విమానం టికెట్టు కొన్నారు. ఆ ఎయిర్‌పోర్టు ఎంత పెద్దదంటే, ఈ చివర టీ కొనుక్కుని ఆ చివరికి నడిచేసరికి అది చల్లారడమే కాదు, గడువు తేదీ కూడా దాటిపోతుంది. ఎదురు కుర్చీలో తల్లి ఒళ్ళో ఉన్న పసివాడికి నేను వచ్చి కూర్చున్నప్పుడు రెండే పళ్ళు. మధ్యాహ్నానికి నాలుగయ్యాయి. నా అవస్థ చూడలేక మా అమ్మాయి ఫోనులో ఒక జాబితా పంపింది, ఎయిర్‌పోర్టులో గంటలకొద్దీ ఆగాల్సి వస్తే ఆ సమయాన్ని సద్వినియోగం చేసుకోవడం ఎలా అని. నడవండి, నీళ్ళు తాగండి, ఫోను చార్జింగులో పెట్టండి, కాసేపు కునుకు తీయండి, ఇలా. మొదటి ఆరూ నలభై నిమిషాల్లో అవగొట్టాను. ఏడోది దగ్గర ఆగిపోయాను. ‘మనసు విప్పి మాట్లాడి చాలాకాలమైన మనిషికి ఫోను చేయండి’ అట. ఆ మాట చూడగానే నా కళ్ళ ముందు సరిగ్గా తొమ్మిది గంటలే చేతిలో ఉన్న ఇంకో మనిషి కనబడ్డాడు. పదిహేనేళ్ళ కిందట, మా శంషాబాద్ ఎయిర్‌పోర్టులో, ఒళ్ళో సంచీ పెట్టుకుని.

ముందు మా అక్క గురించి చెప్పాలి. నాకంటే మూడేళ్ళు పెద్దది. సికింద్రాబాద్‌లోనే ఒక మిషన్ స్కూల్లో లెక్కల టీచరు. మా తాతల కాలంలో గుంటూరు వైపు నుంచి వచ్చి రాంగోపాల్‌పేట్‌లో స్థిరపడ్డాం. రెండు గదుల మేడమీద వాటా. నేను చెప్పేటప్పుడు మాత్రం అది బంగళా. ఉన్నదున్నట్టు చెప్పడానికి మనిషికి లోపల ఏదో ఒక అవయవం ఉంటుందనుకుంటాను, నాకది పుట్టుకతోనే లేదు. కుక్క మొరిగితే కరిచిందనీ, కరిస్తే అది కుక్క కాదు చిరుతపులనీ చెప్పి పెరిగినవాణ్ణి. ఈ జబ్బుకి అక్క ఒక సూత్రం కనిపెట్టింది. ఇంటికి ఎవరొచ్చినా ముందుగానే హెచ్చరించేది: “వీడేం చెప్పినా నాలుగుతో భాగించుకోండి. నాలుగు పాముల్ని చూశానంటే ఒకటి చూశాడు. ఒకటే చూశానంటే అది తాడు.”

అక్కకి ముప్ఫై ఎనిమిదేళ్ళు వచ్చాయి, పెళ్ళి కాలేదు. నాన్న లేరు, అమ్మకి మోకాళ్ళు లేవు, నేను ఉన్నా లేనట్టే లెక్క. అప్పటిదాకా వచ్చిన సంబంధాలు మూడంటే మూడు. ఒకాయన రంగు చూసి వెళ్ళిపోయాడు, ఒకాయన వయసు చూసి వెళ్ళిపోయాడు, మూడో ఆయన ఏమీ చూడకుండానే వెళ్ళిపోయాడు. వాళ్ళు గుమ్మం దాటగానే అక్క ఎవర్నీ చేయి వేయనివ్వకుండా టీ కప్పులు తనే కడిగి, తుడిచి, అలమరలో బోర్లించేది. కప్పులు కడగడానికి అంతసేపు పడుతుందని నేనెప్పుడూ అనుకోలేదు.

నాలుగో సంబంధం అక్కతో పనిచేసే టీచరమ్మ తెచ్చింది. ఆయనది కాకినాడ దగ్గర ఊరు. అస్సాంలో ఒక మిషన్ ఆసుపత్రి ఆఫీసులో ఉద్యోగం. నలభై రెండేళ్ళు, భార్య పోయి నాలుగేళ్ళయింది, పిల్లల్లేరు. సెలవంతా తల్లి వైద్యానికే సరిపోయింది. ఇక ఉద్యోగానికి వెళ్ళిపోతూ, పొద్దున రాజమండ్రిలో విమానమెక్కి హైదరాబాద్‌లో దిగి, సాయంత్రం గువాహటి విమానం పట్టుకోవాలి. మధ్యలో తొమ్మిది గంటలు. మళ్ళీ సెలవు ఏడాదిన్నర దాకా లేదు. పెళ్ళిచూపులంటూ జరిగితే ఆ తొమ్మిది గంటల్లోనే జరగాలి. అక్క గ్రాఫు కాగితం మీద టైంటేబులు వేసింది. ఎయిర్‌పోర్టు నుంచి ఇంటికి గంటన్నర, మొహం కడుక్కోవడానికి పది నిమిషాలు, ప్రార్థన పది (అమ్మ చేస్తే పాతిక), భోజనం నలభై, తిరుగు ప్రయాణం గంటా ముప్పావు, అక్కడ రెండు గంటల ముందుండాలి, దిగి సామాను తీసుకోవడానికి ముప్పావు గంట, ట్రాఫిక్కు కోసం ఇంకో గంటా ఇరవై నిమిషాలు. అన్నీ తీసేస్తే తొమ్మిది గంటల్లో వాళ్ళిద్దరూ మాట్లాడుకోవడానికి మిగిలింది ఇరవై అయిదు నిమిషాలు. ఆ గడిలో పెన్సిలుతో, చాలా చిన్న అక్షరాలతో, ‘మాటలు’ అని రాసుకుంది.

ఆయన్ని తీసుకురావడానికి నేను కారు తాళాలు అందుకుంటుంటే అక్క గుమ్మం దాకా వచ్చింది. “ఒరేయ్, ఈ ఒక్క రోజు ఎంతుంటే అంతే చెప్పు. గుణించకు,” అంది. “ఒట్టు,” అన్నాను. ఒట్లు పెట్టుకోకూడదని బైబిలు వాక్యం చెప్తోందని రోజూ నన్ను తిట్టే మనిషి, ఆ రోజు ఏమీ అనలేదు.

ఆయన మెత్తటి మనిషి. కారు తలుపు కూడా దానికి నొప్పి పుడుతుందేమో అన్నట్టు వేశాడు. శంషాబాద్ దాటే దాకా నేను నాలుక కరిచిపెట్టుకునే కూర్చున్నాను. యేసు సాక్షిగా ప్రయత్నించాను. అప్పుడాయన ఏ దురుద్దేశం లేకుండా అడిగాడు: “మీ అక్కగారికి ఇంతకాలం సంబంధాలేమీ రాలేదాండీ?” మూడొచ్చాయండీ, మూడూ పోయాయండీ, అని చెప్పాలి. ఎంతుంటే అంతే. కానీ మా అక్కని ఎవరో కాదన్నారన్న మాట నా నోట్లోంచి రానంది. “రాకపోవడమేంటండీ, పన్నెండొచ్చాయి. అక్కే కాదంది,” అన్నాను. ఒకసారి గేటు ఎత్తాక ఇక నీళ్ళు ఆగుతాయా? ఆ ముగ్గురిలో ఒకాయన ముందుగా రాసిన ఉత్తరంలో రెండు తప్పులున్నాయని అక్క నవ్వుకుని దాన్ని బైబిల్లో దాచుకున్న మాట నిజం. నా కథలో అక్క దాన్ని ఎర్ర సిరాతో దిద్ది, నూటికి ముప్ఫై నాలుగు మార్కులేసి, రిజిస్టర్డ్ పోస్టులో తిప్పి పంపింది. ఒక బ్యాంకు ఆఫీసర్ని వాళ్ళమ్మ ఎదుటే పదిహేడో ఎక్కం అప్పజెప్పమంది. పదిహేడు ఎనిమిదుల దగ్గర అతను తడబడితే లేపి పంపేసింది. మెహదీపట్నం దగ్గర ఆయన నవ్వాడు. ట్యాంక్‌బండ్ మీద రుమాలు తీశాడు. రాణిగంజ్‌లో మంచినీళ్ళ కోసం కారు ఆపమన్నాడు. ఆ చెమటంతా నా కథాకౌశలానికి దక్కిన బహుమతి అనుకున్నాన్నేను.

అక్క లేత నీలం చీర కట్టుకుని మంచినీళ్ళ గ్లాసుతో వచ్చింది. ఆయన చటాలున లేచి నిలబడ్డాడు, క్లాసులోకి టీచరొస్తే లేచినట్టు. భోజనానికి ముందు అమ్మ ప్రార్థన మొదలుపెట్టింది. ఆకాశమార్గాలు, పైలట్లు, అస్సాం వరదలు, ప్రభుత్వాలు, అన్నీ అయ్యాక విమానానికున్న ప్రతి బోల్టునీ పేరుపేరునా దేవుడికి అప్పగించింది. అందరూ కళ్ళు మూసుకున్నారు. నేను మాత్రం సండే స్కూలు రోజుల నుంచీ ప్రార్థనలో ఒక కన్ను తెరిచే ఉంచుతాను, బిస్కట్ల ప్లేటు ఎవరి దగ్గర ఆగిందో చూసుకోవాలి కదా. ఆ ఒంటికన్నుతో చూశాను. ఆయన కళ్ళు తెరిచే ఉన్నాయి. అక్కని చూస్తున్నాడు. ఎండలో చాలా దూరం నడిచొచ్చిన మనిషి, కూర్చోమంటారో పొమ్మంటారో తెలియక, పరాయివాళ్ళ అరుగు మీది నీడని చూస్తాడే, అలా చూస్తున్నాడు. దీన్ని మాత్రం దేనితోనూ భాగించకండి. అమ్మ ఆమేన్ అనేసరికి కళ్ళు దించేసుకున్నాడు. కళ్ళు గట్టిగా మూసుకున్న అక్క ఏమీ చూడలేదు. ఆ చూపుకి ఈ భూమ్మీద ఒకే ఒక్క సాక్షి, వాడు నేను.

తర్వాత ఆ ఇరవై అయిదు నిమిషాలు వచ్చాయి. ముందు గదిలో ఫ్యాను కింద రెండు కుర్చీలేసి, వాళ్ళిద్దర్నీ వదిలి మేమంతా వంటింట్లో చేరాం. కుర్చీలిచ్చిన హక్కుతో కింది వాటా ఆంటీ కూడా తలుపుకి చెవి ఆనించింది. అయిదు నిమిషాలు, పది నిమిషాలు. “ఏందీ, పిలగాడు గిట్ల సప్పుడు లేకుండ కూసున్నడు?” అంది ఆంటీ. “మీ అమ్మ కూరల ఏమన్న కలిపిందా ఏంది? జెర పోయి మాట కలుపు తమ్మీ, అక్క పరేషానైతది.” నేను వెళ్ళలేదు. కొత్తవాళ్ళు, సిగ్గుపడుతున్నారు, నేను పానకంలో పుడక ఎందుకవ్వాలి అనుకున్నాను. జీవితంలో నేను నోరు మూసుకున్న సందర్భం అదొక్కటే, మూసుకోకూడనిదీ అదొక్కటే. మొత్తం మీద ఆయన ఒక్క మాటన్నాడు: “ఫ్యాను బాగా తిరుగుతోందండీ.” అక్క, “అవునండీ,” అంది. టైమైందని నేను తాళాలు ఆడిస్తూ వచ్చేసరికి అక్క లేచి టీ కప్పులు తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది. కొళాయి చప్పుడు వినబడింది.

తిరుగు దారిలో ఆయన, మెహదీపట్నం దాటాక, “మీ అక్కగారు చాలా గొప్పవారండీ,” అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. సంచీ ఒళ్ళోకి తీసుకుని, “నాకు పదిహేడో ఎక్కం రాదండీ. ఉత్తరం రాసినా తప్పులు లేకుండా రాయలేను,” అన్నాడు. నవ్వుతున్నాడేమో అని మొహంలోకి చూశాను. నవ్వడం లేదు. ఆ మనిషి ఆ ఇరవై అయిదు నిమిషాలూ పరీక్ష హాల్లో కూర్చున్నాడు. అప్పుడు మొదలయ్యాయి నా తిప్పలు. అక్కడి నుంచి ఎయిర్‌పోర్టు దాకా నా జన్మలో లేని సత్యసంధత చూపించాను. లోపలికి వెళ్ళే ద్వారం ముందు ఆయన సంచీ పట్టుకుని వదల్లేదు. “వచ్చింది మూడే సంబంధాలండీ! వాళ్ళే కాదన్నారు! ఎర్ర సిరా లేదు, రిజిస్టర్డ్ పోస్టు లేదు, బ్యాంకు ఆఫీసరే లేడు, అన్నీ నా కోతలు!” వెనక కార్లు హారన్లు కొడుతున్నాయి. కాపలా మనిషి వచ్చి, “బండి తియ్యి సారూ, ఈడ ఆపద్దు,” అంటున్నాడు. ఆయన ఆ రోజుకి మొదటిసారి మనసారా నవ్వాడు. “భలేవారండీ మీరు. నేను చిన్నబుచ్చుకున్నానని, నా కోసం సొంత అక్కగారినే తగ్గించి చెప్తున్నారు,” అని, నా చేతిలోంచి సంచీ మెల్లగా విడిపించుకుని లోపలికి వెళ్ళిపోయాడు. ఆయన విమానానికి ఇంకా రెండున్నర గంటలుంది. అద్దానికి అవతల ఒక కుర్చీలో కూర్చోవడం నాకు కనబడుతూనే ఉంది. లోపలికి వెళ్ళడానికి నా దగ్గర టికెట్టు లేదు.

తర్వాత రెండుసార్లు ఫోను చేశాను. “ఫర్వాలేదండీ, ఫర్వాలేదండీ,” అన్నాడు. పది రోజులకి టీచరమ్మ ద్వారా కబురొచ్చింది, అమ్మాయి మా స్థాయికి మించినదండీ అని. అక్క అది విని, “నచ్చలేదని చెప్పడానికి ఎంత మర్యాద పాపం,” అంది. అప్పుడు చెప్పాల్సింది. నోటిదాకా వచ్చింది కూడా. కొండల్ని మోసిన నా నాలుక మీద గోరంత నిజం కదల్లేదు. మరుసటి ఏడు ఆయనకి వాళ్ళ ఊళ్ళోనే పెళ్ళయిందని తెలిసింది. ఆ తర్వాత అమ్మ ఎన్ని సంబంధాలు ప్రస్తావించినా అక్క ఒప్పుకోలేదు. “వద్దమ్మా. నా ఎదురుగా కూర్చుని ఫ్యాను చూసే మనుషులు ఇక చాలు.” అమ్మ పోయింది. మేం సైనిక్‌పురి వచ్చేశాం. అక్క మాతోనే ఉంటుంది, ఒక గది, ఒక కిటికీ, దిద్దాల్సిన పేపర్ల కట్టలు. ఇప్పుడు తనకి యాభై మూడేళ్ళు.

బొంబాయిలో జాబితాలోని ఏడో సలహా చూస్తూ చాలాసేపు కూర్చుని, చివరికి ఫోను చేశాను. “తిన్నావా? ఇంకా ఎన్ని గంటలుండాలి అక్కడ?” అంది. “ఇరవై,” అన్నాను అలవాటుగా. “అయిదన్నమాట,” అంది. అప్పుడు చెప్పాను. పన్నెండు సంబంధాలు, ఎర్ర సిరా, పదిహేడో ఎక్కం, కాపలా మనిషి, అద్దం. జీవితంలో మొదటిసారి ఒక్క అంకె కూడా పెంచకుండా చెప్పాను. ప్రార్థనలో ఆయన నిన్నే చూశాడక్కా అని చెప్పాను. ఎలా చూశాడో కూడా చెప్పాను.

“అయిందా?” అంది అక్క.

“అయింది.”

“ఇందులో నిజమొక్కటే. అమ్మ ప్రార్థన చేస్తుంటే నువ్వు కళ్ళు తెరిచావు.”

“అక్కా, ప్రమాణంగా…”

“ఏమీ తోచక కూర్చుని, నాకేదో ఊరటగా ఉంటుందని ఇంత కథ అల్లావు. మంచివాడివే. ఆయనకి నేను నచ్చలేదురా, అంతే. సున్నాని నాలుగుతో భాగించినా సున్నాయే.” గొంతులో కోపం లేదు. క్లాసులో వెనక బెంచీవాడికి మళ్ళీ చెప్పినట్టు, ఓపిగ్గా చెప్పింది. “నీళ్ళు తాగు. ఆ కుర్చీలో నిద్రపోకు, మెడ పట్టేస్తుంది,” అని పెట్టేసింది.

నీళ్ళు తాగాను. ఎదురుగా గోడ మీద విమానాల పేర్లు ఒక్కొక్కటే పైకి జరుగుతున్నాయి, నాది ఎక్కడో అడుగున ఉంది. చేతిలో బోలెడు సమయముంది. జాబితాలో ఇంకా మూడు సలహాలు మిగిలున్నాయి. ఇంతకాలం దేన్నయినా పెంచి చెప్పగలనని విర్రవీగాను గానీ, కాలం దగ్గర నా విద్య పనిచేయదని ఆ కుర్చీలో తెలిసింది. పదిహేనేళ్ళని ఎన్నిసార్లు భాగించుకున్నా ఒక్క రోజు తగ్గలేదు, ఆ ఇరవై అయిదు నిమిషాలని ఎంత సాగదీసినా ఇరవై ఆరో నిమిషం రాలేదు.