హుస్సేనీ ఆలంలో నా మెడను ముట్టుకోనిచ్చిన రోజు

మెడనొప్పి మొదలై రెండేళ్ళు దాటింది. కుడిచేతి చివరి రెండు వేళ్ళు మొద్దుబారడం మొదలయ్యాకే నేను ఈ ప్రయాణానికి ఒప్పుకున్నాను. ఇది డెబ్భైల చివరి మాట. నేను ఒక ప్రభుత్వ కార్యాలయంలో టైపిస్టును. తెనాలి నుంచి ఉద్యోగం కోసం వచ్చి మలక్‌పేటలో కాపురం పెట్టాం. మెడపట్టీ, కరెంటు కాపడం, మాత్రలు అన్నీ అయ్యాయి. పెద్దాసుపత్రిలో ఎక్స్‌రే తీసి, ఎముక బాగానే ఉంది, కండరాలు బిగుసుకుపోయాయి, ఆపరేషన్ అక్కర్లేదన్నారు. మరి ఏం కావాలో తెలియక నేను మాత్రం భుజం పట్టుకుని తిరుగుతూనే ఉన్నాను. నేను టైపు చేసిన కాగితాల్లో తప్పులు పెరిగాయి. "ఇలాగైతే మిమ్మల్ని డిస్పాచ్‌కి మార్చాల్సి వస్తుందమ్మా" అని సూపరింటెండెంటుగారు ఒకరోజు మెల్లగా అన్నారు. డిస్పాచ్ అంటే కవర్లు అంటించడం. పన్నెండేళ్ళ పాటు సాధించుకున్న వేగం నాది. ఆ రోజు ఇంటికెళ్ళి అన్నం కూడా తినలేదు.

పాతబస్తీలోని హుస్సేనీ ఆలం పేరు చెప్పింది మా అటెండరు యాదగిరి. "అమ్మా, గిట్ల ఎన్ని రోజులు పట్టి కట్టుకొని తిరుగుతరు? మా అక్కకు గిట్లనే ఉండె. ఆడ బడీ బీ అని ముసలామె ఉంది, ఆడోళ్ళకే చేస్తది. ఒక్కసారి పోయి రాండ్రి" అని వారం రోజులు వెంటపడ్డాడు. అతను అంతగా పట్టుబట్టడమే నాకు అనుమానం. మనుషుల్ని పంపినందుకు ఇతనికేమైనా ముడుతుందేమో అనుకున్నాను. పోనీ అడ్రసు రాసివ్వమంటే ఉర్దూలో రాసిచ్చాడు. పాతరోజుల్లో ఉర్దూ బడిలో చదువుకున్న మనిషి. నాకు ఆ లిపి ఒక్క అక్షరం రాదు. "ఏం రాశావు యాదగిరీ?" అంటే "పత్తా రాసినమ్మా, గంతే" అన్నాడు. అడ్రసుకి ఎనిమిది వరుసలు పడతాయా?

ఆదివారం పొద్దున ఎనిమిదింటికి మలక్‌పేటలో బస్సెక్కాను. మా ఆయన గుమ్మంలో నిలబడి, "మెడ ఎవరి చేతికో అప్పగించి, చెయ్యి పడిపోయి వస్తే ఏం చేస్తావు?" అన్నారు. నా భయమూ అదే. చాదర్‌ఘాట్, అఫ్జల్‌గంజ్ మీదుగా చార్మినార్‌కి ముప్పావుగంట పట్టింది, టికెట్టు ముప్పై పైసలు. అక్కడ సైకిలు రిక్షా మాట్లాడి చీటీ చూపించాను. రిక్షా అతను మొత్తం చదివి, నా మొహం చూసి, చిన్నగా నవ్వాడు. "ఎందుకు నవ్వావు?" అన్నాను. "ఏం లేదమ్మా, కూసోండ్రి. రూపాయి ఇయ్యిండ్రి చాలు" అన్నాడు. లాడ్ బజార్లో గాజుల దుకాణాలు అప్పుడప్పుడే తలుపులు తీస్తున్నాయి. నేను ఒక్క గాజు కూడా చూడలేదు. అతని వీపు చూస్తూ, ఏ సందులోకి తిప్పుతున్నాడో గుర్తు పెట్టుకుంటూ కూర్చున్నాను.

మెహబూబ్ చౌక్ గడియారం స్తంభం దాటాక, ఎముకల బొమ్మలు వేసిన బోర్డు ముందు రిక్షా ఆగింది. లోపల కండలు తిరిగిన ఒకాయన ఒకడి తల రెండు చేతులతో పట్టి ఠక్కున తిప్పాడు. ఆ చప్పుడు వీధిలోకి వినిపించింది. "ఆ ముసలామె ఇల్లు ఇంకా దూరమమ్మా. ఈడ మస్తు మంచిగ చేస్తరు, రెండు నిమిషాల పని" అన్నాడు రిక్షా అతను. నేను దిగలేదు. "చీటీలో ఉన్నచోటికే తీసుకెళ్ళు. లేదంటే వెనక్కి తిప్పు" అన్నాను గట్టిగా. గొణుక్కుంటూ పెడలు తొక్కాడు. దూరం అన్న ఇల్లు ఐదు నిమిషాల్లో వచ్చింది.

గోనెపట్టా తెర తీసుకుని లోపలికి వెళితే చిన్న వాకిలి. చెక్క బల్ల మీద ఐదారుగురు ఆడవాళ్ళు వరుస కోసం కూర్చున్నారు. బడీ బీకి అరవై దాటి ఉంటాయి. చీటీ అందుకుని పక్కనున్న కోడలికి ఇచ్చింది. ఆవిడ చదివి, నవ్వు ఆపుకుంటూ నాకు తెలుగులో చెప్పింది: "మీరు టైపు కొట్టే అమ్మ అంట. రెండు వేళ్ళు మొద్దుబారినయంట. మెడ తిప్పి విరిచే పని చెయ్యద్దంట. ఏం చేసినా ముందుగాల చెప్పి చెయ్యాలంట. ఎందుకంటే ఈ అమ్మకు ఎవరి మీద నమ్మకం లేదంట." బల్ల మీది ఆడవాళ్ళందరూ నవ్వారు. నాకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

అయినా అనుమానం పోలేదు. నూనె గిన్నె తీసి వాసన చూశాను. "నువ్వుల నూనె, ఎల్లిపాయ, వాము. తాగి చూపియ్యనా?" అంది బడీ బీ. తర్వాత తనే ప్రశ్నలు మొదలుపెట్టింది. "ఎముకల ఫోటో తీయించినవా? డాక్టర్ ఏమన్నడు? చేతిల నుంచి వస్తువులు జారి పడుతున్నయా?" లేదన్నాను. "పడితే నా దగ్గరికి రావద్దు, దవాఖానకు పో. అది నా చేతి పని కాదు." ఆ ముక్కతో నా భుజాలు కొంచెం కిందికి దిగాయి. వేడి ఉప్పు మూటతో మెడకూ భుజానికీ చాలాసేపు కాపడం పెట్టింది. తర్వాత రెక్క ఎముక పక్కన బొటనవేలితో నొక్కితే, నొప్పి చిటికెన వేలిదాకా పాకి అరిచేశాను. "ఫికర్ నక్కో, భయపడకు. గిదే ముడి" అంది.

అయిపోయాక లేవనివ్వలేదు. "ఎట్ల కొడతవో చూపియ్యి" అంది. పీట మీద కూర్చుని గాల్లో టైపు చేశాను. "చూసే కాయితం ఎక్కడుంటది?" ఎడమపక్క బల్ల మీద అని తల వంచి తిప్పి చూపించాను. "పొద్దంత గట్లనే?" అంది ఆశ్చర్యంగా. "అయితే నూనె ఏం చేస్తది బిడ్డా? కాయితం లేపి ముందల పెట్టు. గంటకోసారి లేచి భుజాలు తిప్పు." నూనె సీసాతో కలిపి మూడు రూపాయలు తీసుకుంది. ఐదు ఆదివారాలు రమ్మంది.

ఆ సాయంత్రం నొప్పి రెట్టింపైంది. వీపు మీద నీలంగా కమిలిన మచ్చ చూసి మా ఆయన "చెప్పానా?" అన్నారు. సోమవారం ఆఫీసులో అందరి ముందూ యాదగిరిని కేకలేశాను. అతను మధ్యాహ్నం నా బల్ల దగ్గరికొచ్చి, రికార్డు గదిలోంచి తెచ్చిన పాత అట్టలతో ఏటవాలు స్టాండొకటి కట్టి, నా కాగితాన్ని కళ్ళ ఎదురుగా నిలబెట్టి వెళ్ళిపోయాడు. నేను చెప్పకుండానే ఇతనికి ఎలా తెలిసిందా అని మళ్ళీ అనుమానమే. అడిగితే, "నిన్న పొద్దుగూకినంక బడీ బీ దగ్గరికి పోయిన. మీకెట్లుందో అడుగుదామని" అన్నాడు. మర్నాడు క్షమించమన్నాను. "గదేందమ్మా, నొప్పిల మనిషికి గట్లనే ఉంటది" అన్నాడు.

నాలుగో రోజు రాత్రి మేలుకోకుండా నిద్రపోయాను. ఆ ధైర్యంతో మిగిలిన ఆదివారాలూ వెళ్ళాను. నెల దాటేసరికి వేళ్ళలో స్పర్శ చాలావరకు తిరిగొచ్చింది. నన్ను డిస్పాచ్‌కి మార్చలేదు. నొప్పి పూర్తిగా పోయిందని మాత్రం చెప్పను. చలికాలంలో ఇప్పటికీ పలకరిస్తుంది. తగ్గించింది కాపడమా, మర్దనా, అట్టల స్టాండా, భుజాలు తిప్పడమా అని ఎవరైనా అడిగితే నాకు తెలియదు. నూనె మీద నాకు ఇవాళ్టికీ నమ్మకం లేదు. ఐదో ఆదివారం ఆమె చేతుల్ని మొదటిసారి సరిగ్గా చూశాను. బొటనవేళ్ళు రెండూ కణుపుల దగ్గర వాచి వంకర తిరిగాయి. "మీకు నొప్పి లేదా?" అన్నాను. "నీకు మిషిన్ ఎట్లనో, నాకు మీ భుజాలు గట్ల" అని వేడినీళ్ళలో చేతులు ముంచుకుంది.

ఇలాంటి వైద్యం కోసం బయల్దేరేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఒక్కటే. ముందు డాక్టరుకు చూపించుకోండి. ఆ తర్వాత మీ మెడ మీద చెయ్యి వేయబోయే మనిషిని, మీ చేతి పని కానిదేమిటి అని అడగండి. జవాబు లేకపోతే చెప్పులేసుకుని వచ్చేయండి.