బావ కాలు కదిలిన రోజు

మొన్న మోకాలి నొప్పికని వెళితే డాక్టరమ్మ చిన్న రబ్బరు సుత్తితో చిప్ప కింద తట్టింది, నేను చెప్పకుండానే నా కాలు ఎగిరి ఆవిడ బల్లను తన్నింది. ఆవిడ నవ్వింది గానీ, నాకు మాత్రం కిరండూల్ ఇనుప గనుల ఆస్పత్రిలో మా బావ కాలు గుర్తొచ్చింది.

గనుల్లో ఉన్న రోజుల్లో అక్కడి ఆస్పత్రి నా చేతుల మీదుగానే నడిచేదని మనవలకు కోతలు కోస్తుంటాను. నిజానికి నేను కట్లు కట్టే డ్రెస్సర్ని; కాకపోతే డాక్టరుగారి హిందీని మనవాళ్లకు తెలుగులో చెప్పాల్సొచ్చినప్పుడు నన్నే పిలిచేవారు, ఆ పూట నా నడకే వేరుగా ఉండేది.

కొండ మీంచి ఖనిజం దించే బెల్టు దగ్గర పనిచేస్తూ, పక్కనున్న మెట్ల మీద జారి బావ నడుము విరిగింది, కాళ్లు చచ్చుబడ్డాయి. కొన్ని వారాలకు నేను అరికాలు తుడుస్తుంటే ఆ కాలు చటుక్కున ముడుచుకుంది. ఇదంతా నా నూనె మర్దన మహిమేనని వార్డంతా చాటాను, మా అక్క నా రెండు చేతులూ కళ్లకద్దుకుంది. బావ మాత్రం పైకప్పుకేసి చూస్తూ, "ఏటిరా సందడి? ఏటైంది?" అన్నాడు. తన కాలు కదిలినట్టు తనకే తెలియదు.

డాక్టరుగారు మా అక్కనీ నన్నూ కూర్చోబెట్టి హిందీలో విడమరిచారు: వెన్నుపాములోనూ నరాల కణాలుంటాయి, అరికాలి నుంచి కబురొస్తే అవి తమలో తామే మాట్లాడుకుని కండను లాగించేస్తాయి, మెదడును అడగవు, విరిగిన చోటు దాటి మెదడు మాట కిందికి దిగదు గనుక ఆయన ఇక నడవడు, ఆయన బదులు ఆవిడకు కంపెనీవాళ్లు ఉద్యోగం ఇస్తామంటున్నారు, వెంటనే ఒప్పుకోమను.

అక్కకు హిందీ రాదు. నా మొహంలోకే చూస్తోంది. నా మహిమను నేనే ఎలా కాదంటాను? "నరాలు మాటాడుకుంటన్నాయంటక్కా, కాస్త ఓపిక పట్టమంటన్నారు" అన్నాను.

ఓపిక పట్టింది. నడవబోయే మనిషిని పనికిరాడని రాయించుకోవడానికి నేనేమన్నా పిచ్చిదాన్నా అని, కంపెనీవాళ్లు కాగితాలు పట్టుకొస్తే ఆ ఉద్యోగం వద్దంది. గడువు దాటిపోయింది, క్వార్టర్ ఖాళీ చేయమన్నారు, బావను పడుకోబెట్టి విశాఖ రైలెక్కించాం. మన ఈడువాళ్లకు చెప్పక్కర్లేదు, ఆ రోజుల్లో సొంతూళ్లో ముగ్గురు పిల్లలతో ఒంటి రెక్క మీద బతకడమంటే ఏమిటో.

ఇప్పుడు ఎవరు ఏ భాషలో చెప్పినా ఫోనే మన భాషలో వినిపించేస్తుందట, మధ్యలో నాలాంటివాడు అక్కర్లేదు. మంచిదే. బావ పోయి చాలా ఏళ్లయింది. అక్క మాత్రం నేను వెళ్లినప్పుడల్లా, జీడిపిక్కలు కొట్టీ కొట్టీ నల్లబడ్డ వేళ్లతో నాకు అన్నం వడ్డిస్తూ, "తొందరపడి వచ్చీసాం గానీ, ఇంకో నాలుగు నెల్లు నీ దగ్గరుంటే నడిసీవోడురా" అంటుంది. నేను తల వంచుకుని తింటాను.