మట్టల ఆదివారం నాడు ఆగిపోయిన జీపు

తెలంగాణ రాష్ట్రం వచ్చిన కొత్తలో, నేను కోడలిగా హాలియాలో అడుగుపెట్టిన ఏడాది జరిగిందిది. యేసు ప్రభువు గాడిదనెక్కి యెరూషలేముకు వస్తే జనం "హోసన్నా" అని జేజేలు కొడుతూ ఖర్జూరపు మట్టలతో ఎదురెళ్లారట. అందుకే మట్టల ఆదివారం నాడు మేము ఈత మట్టలు పట్టుకుని ఊరేగుతాం. ఆ ఏడు మా పాస్టరుగారు పూలదండ వేసుకుని టాపులేని జీపులో నిలబడ్డారు. సరిగ్గా బజారు మధ్యలో జీపు ఆగిపోయింది. ఆయన దిగలేదు.

"హోసన్నా అనుకుంట నూకుండ్రి!" అన్నారు.

కొత్త పట్టుచీరలో చెమటలు కక్కుతూ నేనూ తోశాను. దుకాణాలవాళ్లు నవ్వుతుంటే తల కొట్టేసినట్టయింది. నా పక్కన తోస్తున్న అత్తమ్మ ఆగి, గట్టిగా అడిగింది.

"అయ్యగారూ, ప్రభువు గాడిదనెక్కిండు. మీరు మమ్ములనెక్కిండ్రా?"

బజారంతా గొల్లున నవ్వింది. ఆయన గబగబా దిగి నడిచారు. ఆ రోజు వినయం మీద ఆయన చేసిన ప్రసంగం చాలా పొట్టిది. ఇన్నేళ్లలో నాకు గుర్తున్న ప్రసంగం మాత్రం అత్తమ్మదే.